అడ్డుతెర ముందు రిబ్కా

రిబ్కా గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. తెనాలిలో నా తోటి ఫొటోగ్రాఫర్లయితే రాయొద్దనే అన్నారు. "ఉన్న పరువు నువ్వే తీసుకుంటావేంటి సాంబశివరావూ" అన్నారు. పరువు నాది, ఇష్టం నాది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో స్టూడియో నడుపుతున్నాను, పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. నాకు కోపం ఎక్కువని మా వీధి వీధంతా తెలుసు. బాపట్ల పెళ్లిలో ఏం జరిగిందో నా నోటితో నేను చెప్పకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారు. ఇప్పటికే చెప్పుకుంటున్నారు. ఆడమనిషి చేతికి మెయిన్ కెమెరా ఇస్తే ఇలాగే తగలడుతుందని అంటున్నారట. అన్నవాళ్లు ఇది చదవాలి. చదివాక నన్ను ఏమన్నా అనండి, పడతాను.

రిబ్కాది రేపల్లె దగ్గర చిన్న పల్లె. వాళ్ల నాన్న మోషే పొలం పనులకు వెళ్లేవాడు. ఆదివారం పూట లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడు. ఇంటర్ పాసయ్యాక ఇక చదివించలేనన్నాడు. పంతొమ్మిదేళ్ల వయసులో, స్కూలు టీచరమ్మ రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని మా స్టూడియో మెట్లెక్కింది. రోజూ పొద్దున రేపల్లె ప్యాసింజర్‌లో తెనాలి వచ్చి సాయంత్రం మళ్లీ ఆ బండికే వెళ్లేది. మొదట పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పనిచ్చాను. తర్వాత కంప్యూటర్ మీద ఆల్బమ్ పని. పదేళ్లపాటు ఆ కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఆడపిల్ల నీడపట్టున ఉంటుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఎంత తెలివితక్కువ మాటో ఇప్పుడు తెలుస్తోంది.

మేం పెళ్లిళ్లలో చేసిన తప్పులన్నీ ఆ కుర్చీ ముందుకే వచ్చేవి. నల్లబడిన మొహాలు, వెలిసిపోయిన చీరలు, పెళ్లికూతుర్ని వదిలేసి వెనకున్న పూలదండ మీద కూర్చున్న ఫోకస్. ఒక్కొక్కటీ ఆమె సరిచేసేది. కంప్యూటర్‌లో ఫొటో తెరిస్తే, తీసేటప్పుడు కెమెరా ఫోకస్ ఎక్కడ పెట్టిందో చిన్న ఎర్ర గడి వేసి చూపిస్తుంది. మాలో ఒక్కడు కూడా ఆ గడిని పట్టించుకోలేదు. రిబ్కా పట్టించుకుంది. గడి తెల్లచొక్కా మీద పడిన ఫొటోల్లో మొహాలు నల్లబడుతున్నాయనీ, నల్లకోటు మీద పడితే మొహాలు పాలిపోతున్నాయనీ వేల ఫొటోలు చూసి తనంతట తానే కనిపెట్టింది. నాతో చెప్పలేదు. నేను వినే రకం కాదని ఆమెకి తెలుసు.

ఒకసారి నిజాంపట్నం రేవు దగ్గర ఒక పెళ్లి. వేట పడవలున్న కుటుంబం, ఘనంగా చేశారు. స్టేజీ వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టి అందులో వధూవరుల మొహాలు ఇంతింత చేసి చూపించారు. మా మేనల్లుడు లోకేష్ అప్పుడు మెయిన్ కెమెరా. వాడు తీసిన ఫొటోల్లో తెర మీది మొహాలు చక్కగా వచ్చాయి. తెర ముందు కూర్చున్న అసలు మనుషులు మాత్రం గుర్తు పట్టలేనంత నల్లగా వచ్చారు. "కెమెరా పోయింది మావయ్యా" అన్నాడు వాడు. నేను నమ్మి రిపేరుకి పంపబోయాను.

"కెమెరాకేం కాలేదు సార్" అంది రిబ్కా కుర్చీలోంచి. "గడి చూడండి. తెర మీద మొహం పెద్దది కదా, దాన్ని పట్టుకుంది. గడి ఎవరి మొహం మీద కూర్చుంటే కెమెరా వాళ్ల మాటే వింటుందండి. వెలుతురు కూడా వాళ్లకే సరిపెడుతుంది. ముందున్నోళ్ల సంగతి దానికి పట్టదు."

"నువ్వెప్పుడన్నా కెమెరా పట్టుకున్నావా?" అన్నాను.

"లేదండి. మీరు పట్టుకున్నవన్నీ బాగుచేసేది నేనే కదా."

ఒళ్లు మండింది. కానీ ఆమె చెప్పింది నిజం. మా పాత కెమెరాల్లో వెలుతురు కొలిచే పని ఒకదానిది, ఫోకస్ పని ఇంకొకదానిది. ఇప్పుడు వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం లేదు. ఒక్క సెన్సరే మొహం వెతుకుతుంది, ఫోకస్ పెడుతుంది, వెలుతురు కొలుస్తుంది. ఫోకస్ ఎటు పోతే వెలుతురు లెక్క కూడా దాని వెనకే పోతుంది. అప్పు చేసి మరీ ఆ కెమెరాలు కొన్నాను గానీ ఈ సంగతి బుర్రకెక్కించుకోలేదు. నాకు తెలియనిది నా దగ్గర పనిచేసే పిల్లకి తెలుసన్న మాట మాత్రం బాగా ఎక్కింది.

ఆ తర్వాత లోకేష్‌కి కామెర్లు వచ్చి మంచం పట్టాడు. కొలకలూరులో పెళ్లి ఒప్పుకుని ఉన్నాను. వేరే దారిలేక రిబ్కా చేతికి కెమెరా ఇచ్చాను. ఆ పెళ్లి ఫొటోల్లో సరిచేయాల్సినవి పది కూడా లేవు. మూడేళ్లు సెకండ్ కెమెరాగా తిప్పాక మెయిన్ కెమెరా ఇచ్చాను. నేనేదో ఉదారంగా ఇచ్చాననుకోకండి. ఇమ్మని ఆమె అడిగింది. ఇవ్వకపోతే గుంటూరు వెళ్లి చేరతానంది. మొదట్లో పంతుళ్లు "పక్కకి జరగమ్మా" అనేవాళ్లు. జరిగేది కాదు. "నేను జరిగితే ఫొటో ఏదని రేపు మిమ్మల్నే అడుగుతారండి పంతులుగారూ" అనేది. ముహూర్తం వేళ పెళ్లికొడుకు భుజం వెనక ఆ మూరెడు చోటు సంపాదించుకోవడానికి ఆమెకి పదమూడేళ్లు పట్టింది.

ఆ చోటు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. జీలకర్రా బెల్లం పెట్టే దాకా వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. ముహూర్తానికి తెర దించుతారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ చూపు కోసమే సగం ఆల్బమ్. పెళ్లికొడుకు వెనక నిలబడ్డవాడికి పెళ్లికూతురి మొహం దొరుకుతుంది. ఆ ఒక్క చూపు పోతే మళ్లీ తీద్దామంటే కుదరదు. మెయిన్ కెమెరా అంటే అదే.

తెర దించే ముందు కెమెరాకి కనిపించేది తెల్లగుడ్డ ఒక్కటే. మాలాంటి పాతవాళ్లం షట్టర్ సగం నొక్కి సిద్ధంగా ఉంటాం. మామూలు సెట్టింగులో అలా సగం నొక్కితే ఫోకసూ, వెలుతురూ రెండూ అక్కడే బిగుసుకుపోతాయి. తెర దిగాక వేలు ఎత్తి మళ్లీ నొక్కాలి. లేదంటే ఫోకస్ గుడ్డ ఉన్నచోటే ఉండిపోతుంది, మొహం మసకబారుతుంది. తెల్లగుడ్డకి సరిపెట్టిన వెలుతురు కాబట్టి మొహం నల్లబడుతుంది. వేలు ఎత్తి దించడం నాకు నలభై ఏళ్ల అలవాటు. అయినా ఆ అరసెకనులో ఎన్ని చూపులు పోగొట్టానో లెక్కలేదు.

రిబ్కా ఆ రెండు పనుల్నీ విడదీసింది. ఫోకస్‌ని షట్టర్ నుంచి తీసేసి కెమెరా వెనక బొటనవేలి బటన్‌కి పెట్టింది. వెలుతురు ముందే పెళ్లికూతురి చెంప చూసి చేత్తో ఖాయం చేసేది. షట్టర్‌కి ఫొటో తీయడం తప్ప వేరే పని లేదు. అందుకని ఆమె చూపుడువేలు ఎప్పుడూ షట్టర్ మీద సగం నొక్కే ఉండేది. ఆమె సెట్టింగులో ఆ సగం నొక్కుడు వల్ల ఏ నష్టమూ లేదు. తెర దిగగానే బొటనవేలు నొక్కితే గడి మొహం మీదికి వెళ్తుంది, వెలుతురు మాత్రం కదలదు.

ఇక బాపట్ల సంగతి. దానికి వారం ముందు తెనాలిలో ఒక సన్మానసభలో నేను సరదాకి ఆమె కెమెరా అందుకున్నాను. షట్టర్ నొక్కితే ఫోకస్ రాదే. ఆ బటన్ సంగతి నాకు గుర్తులేదు. తీసినవన్నీ మసక. "సాంబశివరావుకి చూపు తగ్గింది పాపం" అని నలుగురూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది. బాపట్ల బయల్దేరే రోజు పొద్దున స్టూడియోలో ఎవరూ లేనప్పుడు, ముహూర్తానికి వాడే కెమెరా తీసి మొత్తం రీసెట్ కొట్టాను. నా పాత పద్ధతి పెట్టాను. నా స్టూడియోలో నా సెట్టింగే ఉండాలి అనుకున్నాను. రిబ్కాకి చెప్పలేదు.

పెళ్లి విష్ణువర్ధన్ గారి పెద్దమ్మాయి దుర్గాదేవిది. విష్ణువర్ధన్ గారు బాపట్లలో ధాన్యం వ్యాపారి. ఆయన పెళ్లి ఫొటోలు తీసింది కూడా నేనే. జ్యేష్ఠమాసం, పొద్దున పదీ నలభై రెండుకి ముహూర్తం. గౌరీపూజ అంతా రిబ్కా చిన్న కెమెరాతో తీసింది. ముహూర్తానికి ఐదు నిమిషాలుందనగా పెద్ద కెమెరా నేనే ఆమె చేతికిచ్చాను. చుట్టూ జనం తోసుకుంటున్నారు.

"అన్నీ నా సెట్టింగులోనే ఉన్నాయా సార్?" అంది.

"ఉన్నాయిలే, వెలుతురు కూడా చూసి పెట్టాను, కానివ్వు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఏ సెట్టింగయితే ఏంటి, ఫొటో రాకపోతుందా అనుకున్నాను. ఇది నా మొహాన నేనే రాసుకుంటున్నాను.

చీరాల నేత తెల్ల పంచె, మధ్యలో కుంకుమతో స్వస్తిక్ వేసి ఇద్దరు పట్టుకున్నారు. రిబ్కా పెళ్లికొడుకు భుజం వెనక మోకాళ్ల మీద కూర్చుంది. బొటనవేలు వెనక బటన్ మీద, చూపుడువేలు షట్టర్ మీద సగం నొక్కి. లోకేష్ ఎదురుగా పెళ్లికూతురి వెనక ఉన్నాడు. గట్టిమేళం అనగానే తెర దిగింది. రిబ్కా నొక్కింది. ఈ కెమెరాల్లో ఫొటో ఎలా వస్తుందో కంటి దగ్గరే తెలిసిపోతుంది. ఆమె భుజాలు ఒక్కసారి బిగుసుకోవడం పక్కనుంచి నేను చూశాను. వేలు తీసి మళ్లీ నొక్కేసరికి పంతులుగారి చెయ్యి అడ్డొచ్చింది, దుర్గాదేవి తల దించుకుంది. అయిపోయింది.

భోజనాల దగ్గర నా పక్కకి వచ్చి నిలబడింది. "కెమెరా రీసెట్ చేశారా సార్?"

"నాకేం తెలుసు. బ్యాటరీ మార్చినప్పుడు అయ్యుంటుంది."

"బ్యాటరీ మారిస్తే సెట్టింగులు పోవండి."

విస్తరిలోకి చూస్తూ గబగబా తిన్నాను.  తిరుగు ప్రయాణంలో ఆమె ఆ కెమెరా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

స్టూడియోలో ఆ ఫొటో పెద్దది చేసి చూశాం. చీకటిని కంప్యూటర్‌లో కొంత తీయొచ్చు, మసకని తీయలేం. లోకేష్ ఫోన్ తీశాడు. "మావయ్యా, ఒక యాప్ ఉంది. ఇందులో పెడితే మొహం దానంతటదే కొత్తగా తయారుచేసి ఇస్తుంది. వాళ్లకెవరికీ తెలీదు" అన్నాడు. చేసి చూపించాడు కూడా. సినిమా హీరోయిన్ లాంటి పిల్ల వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఈ గొడవ ఉండదు కదా అనుకున్నాను.

"అది దుర్గాదేవి కాదు" అంది రిబ్కా.

"వాళ్లకి నచ్చుతుంది. నీకేంటి బాధ?" అన్నాను.

"వాళ్ల అమ్మాయి మొహం తీయమని పిలిచారు సార్. ఎవరిదో మొహం అతికించి పంపిస్తే నేను ఒప్పుకోను. పోయింది పోయిందని చెప్పి పంపించండి." అంతటితో ఆగలేదు. ఆ నల్లటి మసక ఫొటోనే మిగతావాటితో కలిపి తనే పంపేసింది.

ఆషాఢంలో ఫోన్ వచ్చింది. దుర్గాదేవి పుట్టింటికి వచ్చి ఉందట. ఫొటోలు చూసి ఏడ్చిందట. విష్ణువర్ధన్ గారు గట్టిగానే మాట్లాడారు. "శ్రావణంలో మా చిన్నమ్మాయి లక్ష్మి పెళ్లి రేపల్లెలో. మీరే తీయాలి, కాదనను. కానీ ఆ అమ్మాయి వచ్చి మా అమ్మకి తప్పయిందని చెప్పాలి. మెయిన్ కెమెరా మాత్రం ఇంకెవరికన్నా ఇవ్వండి" అన్నారు. ఈ కబురు తెనాలిలో నాకంటే ముందు తిరిగింది. లోకేష్ అప్పుడే లెన్సులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నేను రిబ్కాని కూర్చోబెట్టి బతిమాలాను. "ఒక్క మాట అనేస్తే పోతుంది కదమ్మా. ఆరునెలలాగి మెయిన్ కెమెరా మళ్లీ నీకే ఇస్తాను."

"చెయ్యని తప్పుకి తప్పయిందంటే అది నా తప్పే అయిపోతుంది సార్. ఆ తర్వాత మీరిచ్చినా నాకెవరూ చోటివ్వరు. పెళ్లికొడుకు వెనకాల కాదు, పందిరి బయట కూడా నిలబడనివ్వరు. నేను చెప్పను."

"మరి రానంటావా?"

"వస్తానండి. ఆ కెమెరా కూడా తెస్తాను."

ఆమె ఏం చేయబోతోందో నాకప్పుడు తట్టలేదు.

బాపట్లలో విష్ణువర్ధన్ గారి హాల్లో ఆయనా, దుర్గాదేవీ, ఆయన తల్లి వరమ్మగారూ కూర్చుని ఉన్నారు. వరమ్మగారికి ఎనభై దాటాయి. ఇంట్లో ఇప్పటికీ ఆవిడ మాటే మాట. లోకేష్ కూడా మా వెంట వచ్చాడు. మంచినీళ్లిచ్చారు. ఇచ్చాక విష్ణువర్ధన్ గారు నేరుగా విషయంలోకి వచ్చారు. "ఏమ్మా, మా అమ్మాయి ముహూర్తం ఫొటో అలా చేశావు. మా అమ్మకి ఒక్కమాట చెప్పు. అక్కడితో వదిలేద్దాం."

"తప్పు జరిగిందండి" అంది రిబ్కా. "దానికి నాకూ కడుపు మండుతోంది. కానీ చేసింది నేను కాదు. అందుకని నేను చెప్పను."

"మరెవరు చేశారు?"

నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పొచ్చు. విప్పలేదు. రిబ్కా నా వైపు చూసింది. నాకు కావాల్సినంత టైమిచ్చింది. తర్వాత వాళ్ల వైపు తిరిగి, "ఒక తెల్ల పంచె ఇప్పించండి, చూపిస్తాను" అంది.

వరమ్మగారిని పెళ్లికూతురి స్థానంలో కుర్చీలో కూర్చోబెట్టింది. "ఈ వయసులో నాకు పెళ్లేంటే పిల్లా" అని ఆవిడ పైట సర్దుకుంది. పెళ్లికొడుకు స్థానంలో లోకేష్. తండ్రీ కూతుళ్లు పంచె పట్టుకున్నారు. రిబ్కా కెమెరా నా చేతిలో పెట్టింది.

"ఇది ఆ రోజు కెమెరానే సార్. మీ సెట్టింగే పెట్టాను. సగం నొక్కి పట్టుకోండి. తెర దిగాక వేలు ఎత్తకుండా మొత్తం నొక్కండి. ఆ రోజు నా వేలు చేసింది అదే."

అప్పుడు అర్థమైంది నాకు. ఫొటో నల్లగా వస్తే తప్పు కెమెరాలో పెట్టిన సెట్టింగుది. ఆ సెట్టింగు పెట్టింది ఎవరని అడుగుతారు. ఫొటో బాగా వస్తే తప్పు రిబ్కాది. ఇక ఆమె పని అయిపోయినట్టే. అంతా నా ఒక్క వేలి మీద ఉంది.

తెర దిగింది. నేను వేలు ఎత్తి మళ్లీ నొక్కాను.

అలవాటు కొద్దీ ఎత్తానని చెప్పుకోవచ్చు. చెప్పను. కావాలనే ఎత్తాను. వరమ్మగారి మొహం ముడతలతో సహా స్పష్టంగా వచ్చింది. విష్ణువర్ధన్ గారు కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూసి, "బ్రహ్మాండంగా వచ్చింది కదమ్మా. అదే కెమెరా, అదే సెట్టింగు. ఇంకేం చెప్తావు?" అన్నారు. లోకేష్ ముసిముసిగా నవ్వుకున్నాడు.

రిబ్కా ఫొటో చూడనేలేదు. నన్నే చూస్తోంది. "వేలు ఎత్తారు సార్" అంది.

"ఎవరెత్తారు?" నా గొంతు లేచింది. "నలభై ఏళ్ల సర్వీసు నాది. వేలెక్కడ పెట్టాలో నాకు చెప్తావా? నేర్పినవాడికే పాఠాలా?"

"మీరు నేర్పలేదండి. మీ తప్పులు చూసి నేర్చుకున్నాను. ఇంకోసారి తీయండి. ఈసారి ఎత్తొద్దు."

"నేను ఎత్తలేదంటుంటే."

"ఎత్తావయ్యా" అంది వరమ్మగారు కుర్చీలోంచి.

అందరం ఆవిడ వైపు తిరిగాం.

"గుడ్డ కిందకి రాగానే నీ వేలే చూశాను. పిల్ల ఎత్తొద్దని చెప్పింది కదా, ఏం చేస్తావోనని చూశాను. ఇదిగో, ఈ వేలు. పైకి లేచింది, మళ్లీ దిగింది. మొన్న కంటి ఆపరేషన్ చేయించుకున్నానయ్యా. చీమ కాళ్లు కూడా లెక్కపెడుతున్నాను."

అడ్డంగా దొరికిపోయాను. ఆ ఇంట్లో ఆయన పెళ్లి నాటి నుంచి కాఫీ తాగుతున్నవాణ్ని. ఎటు చూడాలో తెలియలేదు. మళ్లీ పంచె పట్టారు. ఈసారి సగం నొక్కి వేలు అలాగే ఉంచాను. తెర దిగింది, మొత్తం నొక్కాను. వరమ్మగారు నల్లగా, అలుక్కుపోయి వచ్చారు. సరిగ్గా దుర్గాదేవి ఫొటో లాగే. విష్ణువర్ధన్ గారు రెండు ఫొటోలూ మార్చి మార్చి చూశారు.

రిబ్కా కెమెరా తీసుకుని తన సెట్టింగు పెట్టింది. వరమ్మగారి చెంప దగ్గర వెలుతురు చూసి ఖాయం చేసింది. పంచె పట్టించింది. చూపుడువేలు షట్టర్ మీద సగం నొక్కే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. తెర దిగింది. ఫొటోలో వరమ్మగారి కంట్లో కిటికీ కూడా కనిపిస్తోంది.

"ఆ రోజు కెమెరా ఇలాగే ఉంటే మీ అమ్మాయి మొహం ఇలాగే వచ్చేదండి" అంది రిబ్కా. "దీన్ని ఎవరు మార్చారో నేను చెప్పను. చెప్పాల్సినవాళ్లు చెప్పాలి."

చెప్పాను. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు రీసెట్ కొట్టానని, ఆమె అడిగితే అంతా నీ సెట్టింగులోనే ఉందని అబద్ధమాడానని, భోజనాల దగ్గర మళ్లీ ఇంకో అబద్ధమాడానని. సన్మానసభలో నలుగురు నవ్వినందుకు ఇదంతా చేశానని కూడా చెప్పాను. "తప్పు నాదండి. మామ్మగారూ, తప్పయింది. అమ్మా దుర్గా, తప్పయింది" అన్నాను.  లోకేష్ గోడకున్న క్యాలెండర్ చదువుతున్నాడు.

 దుర్గాదేవి రిబ్కాని అడిగింది. "ఆ టైములో నా మొహం ఎలా ఉందక్కా? మా ఆయన్ని అడిగితే సిగ్గుపడి చెప్పట్లేదు. చూసింది ఆయనా, మీరే కదా."

"కెమెరాలో చీకటిగా కనిపించావమ్మా నాకు" అంది రిబ్కా.  "కింది పెదవి కొరుక్కున్నావు. తల కొంచెం వంచి కళ్లు మాత్రం పైకెత్తావు. ఆ కళ్లు దొరికుంటే బాగుండేది. దొరకలేదు. నన్ను ఏమన్నా అను, దానికి పడతాను."

 ఆ పిల్ల రిబ్కా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

విష్ణువర్ధన్ గారు గొంతు సవరించుకున్నారు. "లక్ష్మి పెళ్లికి" అని ఆగి తల్లి వైపు చూశారు.

"ఏంటా చూపు? ఈ పిల్లే తీస్తుంది" అంది వరమ్మగారు. "పెళ్లికొడుకు వెనకాల కూర్చుంటుంది. ఎవరన్నా జరగమంటే నాతో చెప్పమను."

"తీస్తానండి" అంది రిబ్కా. "కానీ స్టూడియో తరఫున రాను. నా పేరు మీద వస్తాను. ముహూర్తానికి నా కెమెరా నా చేతిలోంచి ఇంకొకళ్ల చేతిలోకి వెళ్లదు. అది మీకిష్టమైతేనే."

పదమూడేళ్లు నా దగ్గర పనిచేసిన మనిషి నా ఎదురుగానే నన్ను వదిలి వెళ్లిపోయింది. నేను కాదనలేదు. ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

"అయితే పెళ్లికూతురి వెనక నుంచి అబ్బాయిని తీసేదెవరు? నీకు రెండో మనిషి ఉన్నారా?" అన్నారు విష్ణువర్ధన్ గారు.

లోకేష్ క్యాలెండర్ వదిలి ముందుకొచ్చాడు. రిబ్కా వాడి వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"మీరు వస్తారా సార్? సెకండ్ కెమెరాకి."

నలభై ఏళ్లలో నన్ను సెకండ్ కెమెరాకి పిలిచిన మనిషి లేడు. పిలిచే ధైర్యం ఈ జిల్లాలో ఎవడికీ లేదు. ఒళ్లంతా మండింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"సెట్టింగు నేనే పెడతాను" అంది. "మీరు ముట్టుకోకూడదు."

"సరేనమ్మా" అన్నాను.